అడిగేవాడు లేని వింతలు

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 8.62 మీటర్ల పొడవున్న రాకాసి స్క్విడ్ ఒకటుంది. 2004లో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర దొరికింది. ఫార్మాలిన్ కలిపిన ద్రవంలో, పొడవాటి తొట్టెలో పడుకోబెట్టి దానికి ఆర్చీ అని ముద్దుపేరు పెట్టారు. తలుపు పగలకుండా, గోడ చెదరకుండా అలాంటి స్క్విడ్డు తొట్టెతో సహా మాయమైతే? ఇంగ్లిష్ రచయిత చైనా మియేవిల్ 2010లో రాసిన ‘క్రాకెన్’ నవల ఇక్కడే మొదలవుతుంది. అర్బన్ ఫాంటసీలో ఇంత మంచి ఎత్తుగడ నాకు అరుదుగా తగిలింది. బాధేమిటంటే, ఆ ప్రశ్న దగ్గర రచయిత కాసేపైనా కుదురుగా నిలబడడు.

ఆ స్క్విడ్డును భద్రపరిచిన మ్యూజియం ఉద్యోగి బిల్లీ హారో మన కథానాయకుడు. అతని వెంట వెళ్తే ముందుగా స్క్విడ్డునే దేవుడిగా కొలిచే మతం ఎదురవుతుంది. ఆ తర్వాత మతాల నేరాలు చూసుకునే పోలీసు దళం. గూండాల నాయకుడొకడు వేరొకడి వీపు మీద పచ్చబొట్టుగా బతుకుతూ అక్కణ్ణుంచే హుకుములు జారీ చేస్తుంటాడు. పేవ్‌మెంటును కోసి, లోపలి నగరం పేగులు చూసి జోస్యం చెప్పేవాళ్లున్నారు. తుపాకుల్ని పశువుల్లా పెంచేవాళ్లున్నారు. సముద్రానికి లండన్‌లో రాయబార కార్యాలయం ఉంది. రెండు మతాల ప్రళయాలకు ఒకే రాత్రి ముహూర్తం కుదురుతుంది, జనం చూడ్డానికి పోతారు! ఇందులో ఏ ఒక్కటి చాలు, ఇంకొకరైతే దాంతోనే ఒక నవల రాసుకునేవారు. మియేవిల్ మాత్రం చాలావాటిని రెండు మూడు పేజీల్లో ఖర్చుపెట్టేసి ముందుకు పోతాడు.

వాటీ సంగతి వేరు. పాత ఈజిప్టులో చచ్చిపోయిన దొరకు పరలోకంలో చాకిరీ చేయడానికి సమాధిలో చిన్న బొమ్మల్ని పెట్టేవారు. అలాంటి బొమ్మలోని ఆత్మ వాటీ. పరలోకంలోనే తిరుగుబాటు లేవదీసి బయటపడ్డాడు. సొంత ఒళ్లు లేదు, ఒక విగ్రహంలోంచి ఇంకో విగ్రహంలోకి దూకుతూ ఊరంతా తిరుగుతాడు. మంత్రగాళ్ల దగ్గర ఊడిగం చేసే పిల్లులకూ పావురాలకూ సంఘం కట్టి సమ్మె చేయిస్తున్నాడు. పికెటింగు జరుగుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి రౌడీలు దిగుతారు. మియేవిల్ 2001లో సోషలిస్ట్ అలయన్స్ తరఫున పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయినవాడు. సమ్మె ఎలా నడుస్తుందో, నాయకుడు ఎలా అలిసిపోతాడో అతనికి తెలుసు. అందుకే ఈ భాగంలో నవ్వూ ఉంది, నొప్పీ ఉంది. పుస్తకమంతా వాటీదే అయ్యుంటే బాగుండేదని చదువుతున్నంతసేపూ అనిపించింది.

వింతలు ఎక్కువయ్యాయని ఫిర్యాదు చేయడానికి తెలుగు పాఠకుడికి హక్కు లేదని ఎవరైనా అనొచ్చు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ చదివి పెరిగినవాళ్లం కదా, అందులో ఉన్నన్ని వింతలు ఎక్కడున్నాయి? కానీ అక్కడొక కట్టుబాటుంది. కాశీయాత్ర దారిలో ప్రతి మజిలీలో, మణిసిద్ధుడి వెంట నడిచే గోపకుమారుడు తను చూసిన వింత గురించి అడుగుతాడు, అప్పుడు మణిసిద్ధుడు కథ చెబుతాడు. ప్రశ్న ముందు, వింత కథ తర్వాత. కథలోంచి కథ ఎంత దూరం పోయినా అడిగినవాడొకడు ఎదురుగా కూర్చునే ఉంటాడు. ‘క్రాకెన్’లో బిల్లీకి ఆ తీరిక లేదు. ఒకదాని గురించి నోరు తెరిచేలోపు ఇంకొకటి మీద పడుతుంది. కొంత దూరం పోయాక నేనూ అడగడం మానేశాను. ఫాంటసీకి అంతకంటే నష్టం లేదు.

ఈ తొందర దెబ్బ ముందుగా మనుషుల మీద పడుతుంది. బిల్లీ స్నేహితుడు లియోన్‌ను గాస్ అనే కిరాతకుడు అమాంతం మింగేస్తాడు. లియోన్ ప్రియురాలు మార్జ్ అతని కోసం ఊరంతా గాలిస్తుంది. మంత్రాలు రావు, మతం లేదు, మనిషి ఏమయ్యాడో తెలియాలి, అంతే. ఈ పుస్తకంలో నాకు బాగా దగ్గరైన మనిషి ఆమే. ఆమె దుఃఖం కాస్త చిక్కబడేసరికి అధ్యాయం అయిపోతుంది, వేరే ముఠా వచ్చేస్తుంది.

మహానగరం ఇరుకుగానే ఉంటుంది, నవలా అలాగే ఉంటుందన్న వాదన సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి జవాబు మియేవిలే అంతకు ముందు ఏడాది రాశాడు. ‘ది సిటీ అండ్ ది సిటీ’లో రెండు నగరాలు ఒకే చోట ఉంటాయి. ఒక నగరం వాళ్లు రెండోదాన్ని చూడకుండా ఉండటం నేర్చుకుని తీరాలి. ఉన్నది ఆ ఒక్క ఊహే. దాన్ని చివరికంటా తవ్వాడు. ఆ నవల 2010లో హ్యూగో బహుమతిని మరో నవలతో కలిసి పంచుకుంది. ‘క్రాకెన్’కూ 2011లో ఉత్తమ ఫాంటసీ నవలగా లోకస్ అవార్డు వచ్చింది. ‘ది సిటీ అండ్ ది సిటీ’ రాసినవాడికి అదుపు తెలియక కాదు, ‘క్రాకెన్’లో కావాలనే వదిలేశాడు. ఆ వదిలేయడంలో ఉన్న హుషారు నాకూ నచ్చింది, పుస్తకం పక్కన పడేయకపోవడానికి అదే కారణం.

మియేవిల్‌ను కొత్తగా చదవాలనుకునేవాళ్లు ‘ది సిటీ అండ్ ది సిటీ’తో మొదలుపెట్టండి. అది నచ్చితే ‘క్రాకెన్’ పట్టుకోండి. ముఠాల పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలని హైరానా పడొద్దు. వాటీ, మార్జ్ కనిపించిన పేజీలు మాత్రం నిదానంగా చదవండి.