రెండవ నమూనా విమానము: రెక్క లెక్క

రేడియోతో నడపు శిక్షణ విమానమును ఎగురవేసి, క్షేమముగ దింపుట నేర్చిన విద్యార్థి చూపు తరువాత ప్రాయికముగ స్పిట్‌ఫైర్ మీదనో, మస్టాంగ్ మీదనో పడును. పెట్టెపై బొమ్మ అంత అందముగ నుండును మరి! నెలలతరబడి అతికించి కట్టిన ఆ విమానము మొదటిదినముననే చేనిలో ముక్కలైనచో నింద పిల్లవానిపై పడును. దోషము తరచు ఎంపికలోనే యుండును.

అమెరికాలోని సిగ్ సంస్థ రూపొందించిన రెండు నమూనాలను పోల్చినచో విషయము తేటపడును. కెడెట్ ఎల్.టి.-40 శిక్షణకై చేసినది. దాని రెక్క వైశాల్యము 900 చదరపు అంగుళములు, విమానపు బరువు సుమారు 5½ పౌనులు. అనగా చదరపు అడుగు రెక్కపై 14 ఔన్సుల భారము. ఫోర్ స్టార్ 40 కి వైశాల్యము 604 చదరపు అంగుళములు, బరువు సుమారు 5 పౌనులు. భారము 19 ఔన్సులు. గాలిలో నిలువగల కనీసవేగము ఈ భారముయొక్క వర్గమూలము ననుసరించి పెరుగును. రెక్క ఆకృతిలోని భేదము నటుంచి లెక్కించిన, ఫోర్ స్టార్‌కు కావలసిన అదనపు వేగము ఆరవవంతు మాత్రమే. భారము 25 ఔన్సులైనచో అది మూడవవంతగును. యుద్ధవిమానపు నమూనాలో మరియొక చిక్కు: కొనవైపు సన్నగిల్లిన రెక్క, వేగము తగ్గినపుడు కొనయందే ముందుగ పట్టు వదలి, విమానమును ప్రక్కకు పల్టీ కొట్టించగలదు. ఫోర్ స్టార్ రెక్క వెడల్పు మొదటినుండి కొనవరకు ఇంచుమించు ఒకటే.

కెడెట్ ప్రక్కకు ఒరిగినను, రెక్కలు పైకి వంగియుండుటచే తనంతట సర్దుకొనును. ఫోర్ స్టార్‌కు ఆ వంపు స్వల్పము. ఒరిగినది ఒరిగినట్లే సాగును. సర్దుట విద్యార్థి పని. నేర్వవలసిన క్రొత్త పాఠ మిదియే. దీనితోబాటు విపరీతవేగమును కూడ నేర్వబూనుట తగదు.

గోదావరి డెల్టాలో ఈ ఎంపికకు మరొక బలము కలదు. సార్వా, దాళ్వా పంటల నడుమ చేలు ఖాళీగ నుండుట తక్కువ. దాళ్వా కోతల తరువాత, వేసవిలోనే తగిన తెరపి దొరకును. అప్పుడు మధ్యాహ్నము సముద్రపుగాలి వీచును. పైకి వంగిన పెద్దరెక్కను ఆ గాలి ఊపివేయును. ఫోర్ స్టార్ అంతగ చలింపదు. తోకచక్రముగల విమానము నేలపై ప్రక్కకు లాగునన్న ఫిర్యాదు నిజమే. కాని వరిమోళ్ళలో ముక్కుచక్రము చిక్కుకొను బాధకన్న అది మేలు. మధురపూడి విమానాశ్రయపు హద్దునుండి 8 కిలోమీటర్లలోపు మాత్రము, 2021 నాటి డ్రోన్ నిబంధనల ననుసరించి, అనుమతిలేక ఎగురవేయరాదు.

బాల్సాకర్ర తేమను పీల్చును. ఇది ఈ తీరమున చిన్నలోపము కాదు. మెలిపడిన రెక్క, దిగు సమయమున ఒకవైపే క్రుంగును. వానకాలమంతయు అటకమీదనున్న రెక్కను బల్లపరుపుగ పరచి, రెండు కొనలను సరిచూచిన తరువాతనే చేనికి తీసికొనిపోవలెను.