దీపం మంటలో రూపుదిద్దుకున్న ఆక్టోపస్‌లు

ఆక్టోపస్‌ను చంపి స్పిరిట్ సీసాలో వేస్తే మిగిలేది ఆక్టోపస్ కాదు. రంగు పోతుంది. ఒళ్లు ముడుచుకుని, తెల్లబారి, సీసా అడుగున ముద్దగా పడి ఉంటుంది. ఎముకల్లేని ప్రాణి కనుక, పులికి చేసినట్టు తోలు ఒలిచి లోపల గడ్డి కూరి నిలబెట్టడమూ కుదరదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నిండా మ్యూజియంలు వెలిశాయి. ఏనుగులూ ఖడ్గమృగాలూ వాటిలో దర్జాగా నిలబడ్డాయి. సముద్రంలోని మెత్తని ప్రాణులు మాత్రం పాలిపోయి సీసాల్లో మిగిలిపోయాయి. ఆక్టోపస్‌ను, స్క్విడ్‌ను, జెల్లీఫిష్‌ను బతికున్న రంగుల్లో చూపించే దారి ఏ శాస్త్రజ్ఞుడికీ తోచలేదు. ఆ దారి కనిపెట్టింది గాజు పనివాడు.

ఆయన లియోపోల్డ్ బ్లాష్కా. 1822లో బొహీమియాలో, ఇప్పటి చెక్ దేశంలో, గాజు పని చేసే కుటుంబంలో పుట్టాడు. గాజు నగలు, కృత్రిమ గాజు కళ్లు చేసి బతికేవాడు. 1850లో కలరా ఆయన భార్యను తీసుకుపోయింది. రెండేళ్లకు తండ్రీ పోయాడు. ఆ దుఃఖంలో 1853లో అమెరికాకు ఓడ ఎక్కాడు. ఆజోర్స్ దీవుల దగ్గర గాలి పడిపోయి, తెరచాపలు వేలాడిపోయి, ఓడ రెండు వారాల పాటు కదల్లేదు. ఆ రోజుల్లో ఆయన నీళ్లలోకి చూస్తూ గడిపాడు. పగలు గాజులా పారదర్శకంగా తేలే ప్రాణులు, రాత్రి వాటి వెలుగులు. చూసినవన్నీ బొమ్మలు గీసుకున్నాడు. గాజు తెలిసినవాడు సముద్రాన్ని అంత తీరికగా చూడటం ఎంత మేలు చేసిందో ఆ తర్వాత పదేళ్లకు గానీ తేలలేదు.

తిరిగొచ్చాక ఒక జమీందారు తోటలోని ఆర్కిడ్ పూలను గాజులో చేశాడు. అవి చూసిన డ్రెస్డెన్ మ్యూజియం అధిపతి లుడ్విగ్ రైఖెన్‌బాఖ్ 1863లో సముద్రపు ఎనిమోన్‌లు చేసిపెట్టమన్నాడు. పని అక్కడ మొదలైంది. కొడుకు రుడాల్ఫ్ 1857లో పుట్టాడు, ఇరవై ఏళ్లు నిండకముందే తండ్రి పక్కన బల్ల దగ్గర కూర్చున్నాడు. 1888 నాటికి వాళ్ల జాబితాలో దాదాపు 700 రకాల సముద్ర ప్రాణులున్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు ఉత్తరం రాసి తెప్పించుకునేవారు. లండన్, డబ్లిన్ మ్యూజియంలు, అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్నాయి. మొత్తం మీద పదివేల దాకా చేసి ఉంటారని అంచనా. ఇంత పనికీ కర్మాగారం లేదు. తండ్రీ కొడుకూ ఇంట్లోనే చేశారు.

పనిముట్లూ తక్కువే. బల్ల మీద దీపం, కాలితో తొక్కే తిత్తి. తిత్తి నుంచి వచ్చే గాలి దీపపు మంటను ఒక పక్కకు సన్నగా, వాడిగా తోస్తుంది. ఆ మంటలో గాజు కడ్డీనో గొట్టాన్నో పట్టి, మెత్తబడ్డాక పట్టకారుతో లాగుతారు, నొక్కుతారు, ఊదుతారు, వంచుతారు. గాజు మెత్తగా ఉండేది కొద్ది క్షణాలే. ఈలోగా చెయ్యి తడబడితే ముక్క పాడైనట్టే. ఒక భాగం వేడిగా, పక్క భాగం చల్లగా ఉంటే పగుళ్లు వస్తాయి. అందుకే పెద్ద బొమ్మను ముక్కలుగా చేసి, జిగురుతో, రాగి తీగలతో కలిపేవారు. పైన రంగు. రహస్య యంత్రం ఏదో ఉందని అప్పట్లో చాలామంది నమ్మారు. అలాంటిదేమీ లేదని లియోపోల్డ్ 1889లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. తమ దగ్గరున్నది చేతి నేర్పు ఒక్కటేననీ, అది తరతరానికీ పెరుగుతుందనీ, తన కొడుక్కి తనకన్నా ఎక్కువుందనీ రాశాడు. ఆ మాటలో గొప్పలు లేవు. తరాలుగా మంట ముందు కూర్చున్న ఇంట్లో పుట్టినవాడికే అలా చెప్పే హక్కుంటుంది.

ఇక ఆక్టోపస్ దగ్గరికి వద్దాం. వాళ్ల పనిలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది చర్మం. ఆక్టోపస్ చర్మంలో లెక్కలేనన్ని రంగు సంచులుంటాయి. ఒక్కొక్క సంచి చుట్టూ సన్నని కండరాలు కిరణాల్లా పరుచుకుని ఉంటాయి. మెదడు ఆజ్ఞ ఇస్తే కండరాలు లాగుతాయి, సంచి సాగి రంగు విచ్చుకుంటుంది. వదిలేస్తే అది మళ్లీ చిన్న చుక్క అయిపోతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతుల లెక్కన నడిచే వ్యవహారం. రంగు సంచుల కింద వెలుగును తిప్పికొట్టే కణాల పొర వేరుగా ఉంటుంది. కాబట్టి ఆక్టోపస్ రంగు పైన పూసిన రంగు కాదు. పారదర్శకమైన మాంసంలో, వేర్వేరు లోతుల్లో తేలే చుక్కల సమూహం.

మట్టితోనో మైనంతోనో చేసేవాడు పైన గోధుమరంగు పూసి ఊరుకునేవాడు. వాళ్లకు వేరే మార్గం లేదు కూడా. బ్లాష్కాలు పల్చని గాజు మీద చుక్క చుక్కగా రంగు పెట్టారు, కొన్నిచోట్ల గాజు లోపలి వైపున. వెలుగు గాజులోకి దూరి, చుక్కల మధ్య సందుల్లోంచి బయటికి వస్తుంది. చుక్కలు వీపు మీద చిక్కగా ఉండి, కిందికి దిగేకొద్దీ పలచబడతాయి. చుక్కలన్నీ ఒకే సైజు కావు, ఎందుకంటే బతికున్న ప్రాణిలో ఏ క్షణాన చూసినా కొన్ని సంచులు విచ్చుకుని, కొన్ని ముడుచుకుని ఉంటాయి. ఫొటోలో చూసినప్పుడు కూడా తడిగా ఉందనిపించేది ఇందుకే. నునుపు వల్ల ఆ తడి రాలేదు. లోతు వల్ల వచ్చింది.

కళ్ల సంగతి వేరే చెప్పాలి. ఆక్టోపస్ కంటిపాప అడ్డంగా చీలికలా ఉంటుంది. దాని బంధువు కటిల్‌ఫిష్‌ది ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా వంకర తిరిగి ఉంటుంది. హిస్టియోట్యూథిస్ అనే లోతునీటి స్క్విడ్‌కు ఎడమ కన్ను కుడి కన్నుకన్నా బాగా పెద్దది. మనుషులకు కృత్రిమ కళ్లు చేసి బతికిన చెయ్యి ఇలాంటి కళ్ల దగ్గరికి చేరడం ఎంత చక్కని కలయిక! మనిషి కంటికీ ఆక్టోపస్ కంటికీ పోలిక ఉంది కానీ పుట్టుక వేరు. రెండు వంశాలు వేర్వేరుగా నడిచి, కటకం ఉన్న కన్ను అనే ఒకే ఏర్పాటుకు చేరుకున్నాయి. పైగా ఆక్టోపస్ కంటిలో నరాలు వెనక నుంచి వస్తాయి కనుక మనకున్న చూపులేని మచ్చ దానికి లేదు.

చేతుల్లో ఇంకో రకం శ్రద్ధ. మామూలు ఆక్టోపస్ చేతి మీద పీల్చుడు బుడిపెలు రెండు వరుసలుంటాయి. దాని దగ్గరి బంధువు ఎలిడోన్‌కు ఒక్కటే వరుస. చేపల బజారులో రెంటినీ ఒకటిగానే అమ్మేస్తారు. బ్లాష్కాల జాబితాలో అవి రెండు వేర్వేరు జంతువులు, రెండు వేర్వేరు బొమ్మలు. ఆక్టోపస్‌కు దాదాపు 50 కోట్ల నాడీకణాలుంటే, వాటిలో మూడింట రెండొంతులు చేతుల్లోనే ఉంటాయి. ఒక చెయ్యి రాతి సందులో వెతుకుతుంటే ఇంకో చెయ్యి తన పనిలో తానుంటుంది. నాడీకణాల లెక్క ఆ తండ్రీ కొడుకులకు తెలిసే వీలు లేదు. అయినా వాళ్ల ఆక్టోపస్ చేతుల్లో ఏ రెండూ ఒకేలా వంగవు. ఒకటి చివర చుట్ట చుట్టుకుంటే, మరొకటి చాచుకుని, ఇంకొకటి పక్కదాని కిందికి దూరి ఉంటుంది. బొమ్మకు అందం రావాలని సమానంగా పరిచేసే ప్రలోభం ఏ పనివాడికైనా ఉంటుంది. వాళ్లు దానికి లొంగలేదు.

అంత ఖచ్చితంగా ఎలా చూశారు? మొదట్లో పుస్తకాల నుంచి. నీస్ నగరానికి చెందిన జాన్ బాప్టిస్ట్ వెరానీ మధ్యధరా సముద్రపు ఆక్టోపస్‌ల, స్క్విడ్‌ల గురించి 1851 నాటికి రంగుల పటాలతో గొప్ప గ్రంథం తెచ్చాడు. హిస్టియోట్యూథిస్ ఒంటి మీది వెలుగు చుక్కలను బతికుండగా చూసి పరవశించినవాడాయన. బ్లాష్కాల స్క్విడ్‌లకు చాలావరకు ఆ పటాలే ఆధారం. తర్వాత నేపుల్స్ సముద్ర పరిశోధన కేంద్రం లాంటి చోట్ల నుంచి ప్రాణులను తెప్పించుకున్నారు. ఇంట్లో సముద్రపు నీటి తొట్టెలు పెట్టుకుని బతికున్నవాటిని చూస్తూ గీసుకున్నారు. పుస్తకం మీద మాత్రమే ఆధారపడినప్పుడు అందులోని తప్పు గాజులోకీ వచ్చిన సందర్భాలున్నాయి. కానీ పుస్తకంతో సరిపెట్టుకోగలిగి కూడా, సముద్రానికి దూరంగా ఉన్న డ్రెస్డెన్‌లో ఉప్పునీటి తొట్టెల తంటా నెత్తిన వేసుకున్నారే, ఆ తపనకే నేను దణ్ణం పెడతాను.

అర్గోనాట్ మీద ఆగకుండా ముందుకు పోలేను. ఇదీ ఆక్టోపస్ జాతే. ఆడది తన రెండు చేతుల నుంచి సున్నం స్రవించి ఉల్లిపొరంత పల్చని తెల్లటి గుల్ల కట్టుకుంటుంది, గుడ్లు దాచుకోవడానికి. ఆ రెండు చేతుల చివర ఉండే వెడల్పాటి పొరలను తెరచాపల్లా ఎత్తి సముద్రం మీద ప్రయాణిస్తుందని అరిస్టాటిల్ కాలం నుంచీ నమ్మారు. రెండువేల ఏళ్లకు పైగా ఆ కథ నడిచింది. గుల్ల అసలు దానిది కాదనీ, వేరే ప్రాణి నుంచి కాజేసిందనీ మరో వాదం. సిసిలీలో ఉన్న జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ 1830ల్లో గాజు తొట్టెలు చేయించి, అర్గోనాట్‌లను వాటిలో పెంచి, గుల్ల అదే కట్టుకుంటుందనీ, విరిగితే అదే అతుక్కుంటుందనీ నిరూపించింది. మగది రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. జత కట్టేటప్పుడు దాని చెయ్యి ఒకటి ఊడి ఆడదానిలో ఉండిపోతుంది. ఆ చేతిని చూసి పురుగనుకుని, మహాశాస్త్రజ్ఞుడు కువియే 1829లో దానికో పేరు కూడా పెట్టాడు. ఇన్ని అపోహలు మోసిన ప్రాణిని బ్లాష్కాలు గాజులో చేశారు. ఇక్కడ పదార్థమూ ప్రాణీ ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టుంది. అంత పల్చగా, అంత పెళుసుగా, వెలుగును అంతగా లోపలికి రానిచ్చేదిగా గుల్ల కట్టాలంటే గాజుకన్నా తగినదేముంది?

వీళ్లు ఈ పని చేస్తున్న కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. నార్వే సముద్రంలో దీవంత క్రాకెన్ ఉందని బిషప్ పాంటాపిడాన్ అంతకు వందేళ్ల ముందే రాసిపెట్టాడు. ఓడ స్తంభాలను చుట్టేసి ముంచుతున్న ఆక్టోపస్ బొమ్మను డెనిస్ ద మాంట్‌ఫోర్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అచ్చేశాడు. 1861లో ఫ్రెంచి నౌక అలెక్టన్ కెనరీ దీవుల దగ్గర భారీ స్క్విడ్‌కు తాడు వేసి లాగబోతే తోక ముక్క మాత్రం చేతికి వచ్చింది. 1866లో విక్టర్ హ్యూగో నవల ఆక్టోపస్‌ను రక్తం పీల్చే రాక్షసిని చేసింది. ఆ తర్వాత జూల్స్ వెర్న్ జలాంతర్గామి మీదికి వాటి గుంపును తోలాడు. అటు ఫిజీలో, ఆక్టోపస్ సొరచేప దేవుణ్ణి చేతులతో బిగించి పట్టి, కడావు దీవి జనాన్ని సొరచేపలు ముట్టవని మాట తీసుకుందన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్ని కథలూ చేతుల పట్టు గురించే. భయమైనా భక్తి అయినా ఆ పట్టు దగ్గరే ఆగిపోయాయి. యూరప్ అంతా ఆక్టోపస్‌ను చూసి జడుసుకుంటున్న రోజుల్లో ఇద్దరు మనుషులు దాని చర్మం మీది చుక్కలను ఓపిగ్గా పెడుతూ కూర్చున్నారు. హ్యూగో ఎంత గొప్ప రచయితైనా, ఆక్టోపస్ విషయంలో నిజం గాజు పనివాళ్ల దగ్గరే ఉందని నా నమ్మకం.

ఈ ప్రాణుల్లో కటిల్‌ఫిష్ తెలుగువాళ్లకు మరీ కొత్తది కాదు. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లటి పెళుసు బిళ్ల దాని లోపలి గుల్లే. ఆ గుల్లలోని గదుల్లో గాలి, నీరు పాళ్లు మార్చుకుంటూ అది నీళ్లలో పైకీ కిందికీ తేలుతుంది. ఆ బిళ్లను అరగదీసి వాడినవాళ్లు ఆ ప్రాణి ముఖం చూసి ఉండరు. బ్లాష్కాల కటిల్‌ఫిష్ ఫొటో ఒక్కసారి చూడమని వాళ్లను కోరతాను.

1890లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం గాజు పూల కోసం పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. సముద్ర ప్రాణుల పని అక్కడితో ఆగింది. తండ్రి 1895లో పోయాడు. రుడాల్ఫ్ ఒంటరిగా 1936 దాకా పూలు చేశాడు. ఆ పూలు నాలుగువేలకు పైగా ఉన్నాయి, జనం విరగబడి చూస్తారు. అవి అద్భుతాలే. కానీ పువ్వును తోటలో చూడొచ్చు, మళ్లీ ఏడాది పూస్తుంది. లోతునీటి స్క్విడ్‌ను చూపించగలవాళ్లు ఆ రోజుల్లో ఇంకెవరూ లేరు. ఆ చేతులు ఇంకో పదేళ్లు సముద్రం మీద ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తూనే ఉంటుంది. రుడాల్ఫ్‌కు పిల్లలు లేరు, శిష్యులనూ తయారు చేసుకోలేదు. 1939లో ఆయనతోనే ఆ విద్య పోయింది.

బొమ్మల్లో కొన్ని రెండో ప్రపంచ యుద్ధపు బాంబులకు పోయాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం కొన్న 570 దాకా బొమ్మలు దశాబ్దాల పాటు దుమ్ము కొట్టుకుని, విరిగి, మూలపడ్డాయి. తర్వాత వాటిని బాగుచేయించే పని అక్కడి సముద్ర జీవశాస్త్రజ్ఞురాలు డ్రూ హార్వెల్ పట్టించుకున్నారు. అంతటితో ఆగక, గాజులో ఉన్న ప్రాణులు సముద్రంలో ఇంకా బతికున్నాయా అని వెతుక్కుంటూ వెళ్లి, 2016లో ఒక పుస్తకం రాశారు. నూటయాభై ఏళ్ల నాటి సముద్రం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యంగా ఈ బొమ్మలు ఇప్పుడు శాస్త్రానికి పనికొస్తున్నాయి.

న్యూజెర్సీ నుంచి నయాగరా చూడటానికి కారేసుకుని వెళ్లే తెలుగు కుటుంబాలు దారిలో కార్నింగ్ గాజు మ్యూజియం దగ్గర ఆగడం మామూలే. బ్లాష్కాలు గీసుకున్న బొమ్మల కాగితాలు వందల సంఖ్యలో ఆ మ్యూజియం గ్రంథాలయంలోనే ఉన్నాయి. బోస్టన్ వైపు ఉన్నవాళ్లకు హార్వర్డ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పూలతోపాటు గాజు సముద్ర ప్రాణులూ ఉన్నాయి. పూల గదిలోనే పొద్దు గడిపేయకండి. పిల్లల్ని సముద్రపు బొమ్మల దగ్గరికి తీసుకెళ్లి, చేతి మీద బుడిపెలు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టమనండి.