సాక్షి మాట, రచయిత వాక్యం: రావిశాస్త్రి ‘మాయ’ కథ - ఒక పరిశీలన

కథారచన నేర్పే తరగతుల్లో వస్తువు, పాత్ర, సంవిధానం, దృష్టికోణం సుపరిచితమైన మాటలు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ (1999 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం) వంటి గ్రంథాలు ఈ పరిభాషకు స్థిరత్వం కలిగించాయి. అయితే పూర్తయిన కథను విశ్లేషించడానికి అది ఉపకరించినంతగా, రాయబోయేవారి చెవిని సిద్ధం చేయడానికి ఉపకరించదు. ఆ శిక్షణకు విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) వచనం మంచి ఆధారం.

2024 వరకు అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షను ప్రకారం మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమై ఉండాల్సి ఉండేది. చూసినది చూసినవారే, విన్నది విన్నవారే చెప్పాలి. వచన రచయితకు ఇంతకంటే కచ్చితమైన నియమం దొరకడం కష్టం. కానీ అదే న్యాయస్థానంలో సాక్షి పలికిన యాస, తడబాటు, ఎత్తిపొడుపు వాంగ్మూలంలోకి ఎక్కేసరికి రాలిపోతాయి. సారాంశం మాత్రం మిగులుతుంది. రావిశాస్త్రి కథనం ఆ నియమాన్ని నిలుపుకొని, రాలిపోయినదాన్ని తిరిగి తెచ్చింది.

మద్యనిషేధ నేపథ్యంలో వెలువడిన ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో, సారా కేసులో చిక్కుకున్న ముత్యాలమ్మ ఒక యువ న్యాయవాదితో సుదీర్ఘంగా మాట్లాడుతుంది. పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు - అన్నింటినీ డబ్బు ఎలా నడిపిస్తుందో ఆమె తన అనుభవం నుంచే చెబుతుంది. ఆ ప్రసంగాన్ని ప్రమాణభాషలోకి మార్చి చూస్తే అవినీతిపై ఒక సాధారణ వ్యాసం మిగులుతుంది. పునరుక్తులు పోతాయి, ఎదుటివాడి అమాయకత్వాన్ని ఆమె అంచనా వేస్తున్న తీరు పోతుంది. కథలో అసలు జరుగుతున్నది ఆ అంచనాయే. విద్యార్థుల చేత ఈ మార్పిడి ఒక్కసారి చేయించడం సంభాషణారచనపై పది ఉపన్యాసాలకు సమానం.

మాండలికం వాడితే సరిపోతుందని దీని అర్థం కాదు. ‘అల్పజీవి’లో సుబ్బయ్య పిరికితనాన్ని పట్టించేది యాస కంటే ఆలోచన మెలికలు తిరిగే క్రమం. అనుకర్తలు రావిశాస్త్రి నుంచి యాసను, ఉపమానాల పరంపరను తీసుకున్నంత సులువుగా ఈ వినికిడిని తీసుకోలేకపోయారు. ఆ ఉపమానాలు సైతం కొన్నిచోట్ల పాత్రను పక్కకు నెట్టి రచయిత వ్యంగ్యాన్నే వినిపిస్తాయన్నది అంగీకరించవలసిన విషయం.

కథేతర రచనలో ఈ సమస్య మరింత తీవ్రం. విశాఖ ఓడరేవు కార్మికుల నుంచో, ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు వదిలిన కుటుంబాల నుంచో జ్ఞాపకాలు సేకరించే పరిశోధకుడు గంటల తరబడి ధ్వనిముద్రణ చేస్తాడు. సిద్ధాంతగ్రంథంలో మాత్రం ‘నిర్వాసితులు ఆవేదన వ్యక్తం చేశారు’ అనే వాక్యం మిగులుతుంది. అది కోర్టు గుమాస్తా వాక్యం. ఎవరు మాట్లాడారో, ఏ ప్రశ్నకు జవాబుగా మాట్లాడారో, ఎక్కడ ఆగిపోయారో అందులో లేదు. అడిగిన ప్రశ్నను, వచ్చిన జవాబును వక్త మాటల్లోనే ఇచ్చి, తన ఊహను వేరే వాక్యంలో పెట్టే పరిశోధకుడికి ఆ గ్రంథంలో కొన్ని పుటలు పెరుగుతాయి. పర్యవేక్షకులు సాధారణంగా ముందు కత్తిరించమనేదీ ఆ పుటలనే.