తలుపుకు అటూ ఇటూ

షేక్స్పియర్ 'మాక్‌బెత్' నాటకంలో డంకన్ రాజు హత్య మన కంటపడదు. మాక్‌బెత్ బాకు పట్టుకుని లోపలికి వెళ్తాడు, నెత్తుటి చేతులతో బయటికొస్తాడు. వధను రంగం మీద చూపకూడదన్న మన లాక్షణికులకు ఆ ఘట్టం తప్పకుండా నచ్చి ఉండేది. భార్యాభర్తలిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఉండగా కోట తలుపు ఎవరో కొడతారు. దబదబ. మళ్ళీ దబదబ. ఎవరొచ్చారో మనకింకా తెలియదు. అయినా ఒళ్ళు జలదరిస్తుంది.

బాకు చూసినా పుట్టని వణుకు ఆ చప్పుడుకెందుకు పుడుతుందో థామస్ డి క్విన్సీకి చిన్నతనం నుంచీ అంతుపట్టలేదు. 1823లో లండన్ మ్యాగజైన్‌లో అచ్చయిన ఒక చిన్న వ్యాసంలో తనకు తోచిన జవాబు చెప్పాడు. హత్య జరుగుతున్నంతసేపూ ఆ ఇంటికీ మామూలు మనుషుల బతుక్కీ మధ్య లంకె తెగిపోతుందట. చూస్తున్న మనం కూడా ఆ తెగిన ముక్కలోనే ఉంటాం, కానీ ఆ సంగతి మనకు తెలియదు. తలుపు చప్పుడుతో లోకం మళ్ళీ కదులుతుంది. అంతదాకా మనమెక్కడున్నామో అప్పుడు తెలిసొస్తుంది.

ఆ వ్యాసం చదివాక, హత్య గురించి ఏ గొప్ప పుస్తకం పట్టుకున్నా నా కళ్ళు తలుపునే వెతుకుతున్నాయి. సౌప్తిక పర్వంలో కూడా, లోపల నిద్రలో ఉన్నవాళ్ళకంటే శిబిరం వాకిట్లో అశ్వత్థామకు అడ్డంగా నిలిచిన ఆ భూతమే నాకు బాగా గుర్తు.

షేక్స్పియర్ ఊహించింది రెండు వందల ఏళ్ళ తర్వాత లండన్‌లో నిజంగానే జరిగిందని గమనించినవాడూ డి క్విన్సీయే. 1811 డిసెంబరు 7, శనివారం అర్ధరాత్రి. రాట్‌క్లిఫ్ హైవేలో మార్ అనే ఆయన బట్టల దుకాణం. కొట్టు కట్టేసే వేళ పనిపిల్లను ఆయిస్టర్లు తెమ్మని పంపారు. అవి దొరక్క ఆమె ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి తలుపు వేసి ఉంది. గంట కొట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు, పసివాడి సన్నని ఏడుపు వినిపించాయని తర్వాత చెప్పింది. తలుపు మాత్రం ఎవరూ తీయలేదు. చివరికి పక్కింటాయన పెరటివైపు నుంచి వెళ్ళి చూశాడు. మార్, అతని భార్య, మూడున్నర నెలల బిడ్డ, దుకాణంలో పని నేర్చుకుంటున్న కుర్రాడు, నలుగురూ చచ్చిపడి ఉన్నారు.

1854లో డి క్విన్సీ ఆ రాత్రిని మళ్ళీ రాశాడు. ఆ వాకిట్లో ఎంతసేపు నిలబడతాడో! అడుగులు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. అవి మెట్లు దిగుతాయి, నడవలోకొస్తాయి, తలుపు దగ్గర ఆగుతాయి. అవతలివాడి ఊపిరి ఇవతల ఈ పిల్లకు వినిపిస్తుంది. మధ్యనున్నది ఒక్క చెక్క. ఈ ఊపిరి ఏ సాక్షీ చెప్పింది కాదు, డి క్విన్సీ కల్పన. ఆ పేజీ ఎన్నిసార్లు చదివినా నేనూ ఆ పిల్లతోపాటు ఊపిరి బిగబడతాను.

అతని లెక్కలో హంతకుడు జాన్ విలియమ్స్. విచారణ కాకముందే అతను జైలు గదిలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. 1971లో టి.ఎ. క్రిచ్లీ, పి.డి. జేమ్స్ కలిసి రాసిన 'ది మాల్ అండ్ ద పేర్ ట్రీ' నాటి కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, ఆ నేరం అతని మీద నిలవడం కష్టమని చూపించింది. ఆ పుస్తకం మూసి మళ్ళీ డి క్విన్సీ దగ్గరికొస్తే, తలుపు అవతల ఊపిరి అలాగే ఉంది, ముఖమే చెరిగిపోయింది. నా భయం రెట్టింపైంది.

ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్'లో తలుపుకు గడియే పడలేదు. కాన్సాస్ రాష్ట్రంలోని హాల్‌కమ్ పల్లె, 1959 నవంబరు. క్లటర్ ఇంట్లో చివరి పగలు ఎలా గడిచిందో ఒక పక్క, 400 మైళ్ళకు పైగా కారు నడుపుకుంటూ వస్తున్న ఇద్దరు ఇంకో పక్క. ఇంటి ఆడపిల్ల పొరుగు పిల్లకు చెర్రీ పై చేయడం నేర్పిస్తుంది. రాత్రి కారు ఆ ఇంటి ముందు ఆగుతుంది. కపోటీ అక్కడ కథ కోసేస్తాడు. తెల్లారి చర్చికి వెళ్దామని వచ్చిన స్నేహితురాళ్ళతోనే మనం లోపలికి అడుగుపెడతాం. లోపల జరిగింది తెలియాలంటే మూడో భాగం దాకా ఆగాలి, అదీ హంతకుడి నోటనే వినాలి. చల్లని నేల మీద పడుకోబెట్టడం ఇష్టంలేక ఇంటి పెద్దాయన కింద అట్టపెట్టె పరిచినవాడే ఆయన గొంతు కోశాడు. కరుణ, బీభత్సం ఒకే చేతిలోంచి రావడం ఇంత దగ్గరగా నేనెక్కడా చూడలేదు. చివరి శ్మశాన దృశ్యం కపోటీ కల్పించిందని తెలిసినప్పుడు బాధపడ్డాను. ఇంత నిజం చేతిలో ఉన్నవాడికి అది అక్కర్లేదు. ఆ హత్యల తర్వాత అక్కడి జనం తాళాలూ గడియలూ ఎగబడి కొనుక్కున్నారన్న మాటకే నా గుండె బరువెక్కింది.

దొస్తోయెవ్‌స్కీ మాత్రం మనల్ని లోపలివైపు నిలబెట్టాడు. 1866లో వచ్చిన 'నేరము–శిక్ష', మొదటి భాగం చివర. వడ్డీ వ్యాపారం చేసే ముసలమ్మ చచ్చిపడి ఉంది. అనుకోకుండా వచ్చిన ఆమె చెల్లెలు లిజవేత కూడా. ఇదంతా జరుగుతున్నంతసేపూ వాకిలి తలుపు తెరిచే ఉందని, వాళ్ళిద్దరినీ చంపిన రస్కోల్నికోవ్ అప్పుడు చూస్తాడు. కొక్కెం పెడతాడు. మళ్ళీ తీసి బయటపడబోతే కిందినుంచి అడుగులు. నాలుగో అంతస్తుకే వస్తున్నాయి. చప్పుడు కాకుండా మళ్ళీ కొక్కెం.

వచ్చిన లావుపాటి మనిషి గంట లాగుతాడు. రేకుతో చేశారా అన్నట్టు బోలుగా మోగే గంట. తలుపు పట్టుకుని గుంజుతాడు. రింగులో కొక్కెం ఎగిరెగిరి పడుతుంది. రస్కోల్నికోవ్ చేతిలో గొడ్డలితో దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇంకొక యువకుడొస్తాడు, తెలివైనవాడు: తలుపు కదులుతోందంటే బయట తాళం పడలేదు, లోపల కొక్కెం పెట్టి ఉంది, అంటే లోపల ఎవరో ఉన్నారు.

ఆ క్షణంలో ఊడిపోకూడదని నేను ఆ కొక్కేనికి మొక్కాను. నిజంగా మొక్కాను. ఆ తర్వాత గానీ లోపలి గదిలో లిజవేత పడి ఉందన్నది గుర్తుకురాలేదు. ఆమె పెద్దగా చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. మన ఆలంకారికులు సాధారణీకరణం అని ఎంతో ప్రేమగా చెప్పుకున్న శక్తి ఇదే. అది నన్ను ఎవరి పక్కన నిలబెట్టిందో చూసుకుంటే ఒళ్ళు చల్లబడింది.

బయటివాళ్ళు కిందికి వెళ్ళడం, అతను తప్పించుకోవడం అంతా క్షణాల్లో అయిపోతుంది. కొన్ని రోజులకు, జ్వరం నుంచి లేచాక, రస్కోల్నికోవ్ అదే ఇంటికి తిరిగొస్తాడు. పనివాళ్ళు పాత పసుపు కాగితం తీసేసి గోడలకు ఊదా పువ్వుల తెల్లకాగితం అంటిస్తున్నారు. అతనికది నచ్చదు. నడవలోకి వచ్చి గంట లాగుతాడు. అదే రేకు మోత. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది, లోపల గొడ్డలితో ఎవరూ లేరు. రెండోసారి లాగుతాడు. చెవి ఒగ్గి వింటాడు. మూడోసారి కూడా. పనివాడు బయటికొచ్చి, ఎవరు నువ్వు, ఏం కావాలి అని అడుగుతాడు.