మాపటి వల

బాసరలో పొద్దు కందకుర్తి దిక్కుకు వాలుతుంది. అమ్మవారి దర్శనానికి వచ్చినవాళ్లు ఘాట్ల మీద దీపాలు వదిలి గదులకు మళ్లే వేళకు, రైలు వంతెన అవతల రెండు మూడు పడవలు ఒడ్డు విడుస్తాయి. పడవకు ఇద్దరు. ఒకరు తెడ్డు పడతారు, ఇంకొకరి కాళ్ల ముందు వల కుప్ప. అరుపులు ఉండవు, లైట్లు ఉండవు. ఈ ఊళ్లో గోదావరిని గంగ అంటారు. "గంగకు పోతున్నం" అన్న మాటకు తానమూ అర్థమే, చేపల వేటా అర్థమే.

పిల్లల చేత తొలి అక్షరం దిద్దించడానికి తెలుగువాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. 2008లో ట్రిపుల్ ఐటీ కూడా వచ్చింది. చదువుల ఊరన్న పేరు బాసరకు న్యాయంగానే దక్కింది. అదే ఊరి నీళ్ల మీద పలకా బలపం లేకుండా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న చదువు ఇంకొకటుంది. గంగపుత్రుల ఇళ్లలో, ముదిరాజుల ఇళ్లలో పిల్లలు వల ముడితో మొదలుపెట్టే చదువు అది. దాని లోతు నాకు ఒక చలికాలం రాత్రి పడవెక్కాకే తెలిసింది. నన్ను ఎక్కించుకున్న పెద్దమనిషికి అరవై దాటాయి. నేను పెద్దబాపు అని పిలిచాను.

రాత్రే ఎందుకని మొదట అడిగాను. "పగటీలి వల ఏస్తే చేప సూస్తది బిడ్డా. సూసినంక ఎందుకు పడ్తది?" అన్నాడు.

తంగూసు వల, అంటే సన్న నైలాన్ దారపు వల, నీళ్లలో గోడలా నిలబడుతుంది. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసం గుండ్లు. చేప తల కన్నులో దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి లాక్కుందామంటే దారం మొప్పల కింద బిగుస్తుంది. వలలో ఇంకే యంత్రం లేదు. చేపకు అది కనబడకుండా ఉన్నంతసేపే అది వల. అందుకే ఈ వేటలో చీకటి కూడా ఒక పనిముట్టు. దాన్ని కొలుచుకోవడానికి చంద్రుడి లెక్క కావాలి. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులు బంగారం లాంటివి. శుద్ధ పక్షంలో వెన్నెల సాయంత్రమే కాస్తుంది గనుక చంద్రుడు కుంకాక వల దించుతారు. బహుళ పక్షంలో పొద్దు వాలగానే దించి, చంద్రుడు పైకి రాకముందే ఒకసారి వల చూసుకుంటారు. మేం పోయింది బహుళ పంచమి నాడు. తూర్పున గుట్ట అంచు తెల్లబడేలోపు మా చేతిలో మూడు గంటలకు మించి లేవు.

చేప వైపు నుంచి చూసినా మాపటి వేళే మంచిది. ఎండలో లోతుకు పోయి ఉన్న సన్న పురుగులు చీకటి పడగానే పైనీళ్లకు తేలుతాయి. వాటి కోసం బొచ్చె పైకి వస్తుంది. బొచ్చెది పైనీళ్ల మేత, రవ్వది నడుమ, మోసుది అడుగు మట్టి. వాలుగ, జెల్ల, మార్పు లాంటివి రాత్రిపూట తిరిగేవే. మీసాలతో తడుముకుంటూ తిరిగే చేపలకు చూపుతో అంత పనిలేదు. కాబట్టి ఏ చేప కావాలో ముందే అనుకుని వల కట్టుకోవాలి. బెండ్లు పెంచితే వల పైన తేలి బొచ్చెకు అడ్డం నిలుస్తుంది. గుండ్ల బరువు పెంచితే అడుగున కూర్చుని మోసును ఆపుతుంది. ఒకే వల కుప్పను బెండ్ల లెక్కతో రెండు వలలు చేయగలిగినవాడే నేర్పరి.

పెద్దబాపు వల దించిన తీరు దగ్గర నుంచి చూశాను. ముందు దోసిటితో నీళ్లు తీసి కళ్లకద్దుకున్నాడు. తాడు కొసను లోతు తక్కువ చోట పాతిన గుంజకు కట్టాడు. తెడ్డు పట్టిన కొడుకు పడవను వెనక్కి, వంకర పోకుండా నడుపుతుంటే, తండ్రి వలను గుప్పెడు గుప్పెడుగా వదిలాడు. ఎడమ చేతి మీదుగా బెండ్ల తాడు, కుడి చేతి మీదుగా గుండ్ల తాడు. రెండూ ఒకే వేగంతో జారాలి. ఒకటి తొందరపడితే వల మెలిక పడి తాడులా మారిపోతుంది. చీకట్లో ఆ మెలికను కన్ను పట్టలేదు, బొటనవేలు పడుతుంది. రెండుసార్లు ఆగాడు, వేలితో విప్పాడు, మళ్లీ వదిలాడు. చివరికొసకు ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టాడు. తన చిన్నప్పుడు అక్కడ ఎండిన సొరబుర్ర కట్టేవాళ్లట. తర్వాత కొడుకు తెడ్డును అడ్డంగా తిప్పి నీళ్ల మీద చరుస్తూ ఒడ్డు వైపు నుంచి వల వైపు వచ్చాడు. మేత కోసం ఒడ్డు చేరిన చేప ఆ చప్పుడుకు బెదిరి లోతుకు మళ్లుతుంది, దారిలో వల ఉంటుంది.

జపాన్‌లో నగరా అనే నది మీద దీనికి తలకిందులైన పద్ధతి ఉంది. పడవ ముక్కున ఇనుప బుట్టలో మంట వేసి, ఆ వెలుగుకు బెదిరిన చేపలను మెడకు తాడు కట్టిన నీటికాకుల చేత పట్టిస్తారు. 1300 ఏళ్ల సంప్రదాయమని దాన్ని కాపాడుకుంటున్నారు, చూడడానికి జనం పడవలెక్కి వస్తారు. బాసరలో చీకటితో చేసే పని కూడా అంత గౌరవానికి తగినదని నేను గట్టిగా నమ్ముతాను.

సముద్రపు వేటగాడికి ఆటుపోట్లు పంచాంగం. ఉప్పాడలోనైనా భీమిలిలోనైనా ఒడ్డు వెంట రాత్రి వల వేసేవాళ్లు నీటి పోటు చూసుకునే కదులుతారు. బాసరకు ఆటుపోట్లు లేవు. ఇక్కడ నీళ్లను పైకీ కిందికీ ఆడించేవి గేట్లు. కింద పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్, పైన బాబ్లీ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌కు 42 గేట్లు, నిండు మట్టం 1091 అడుగులు. ప్రాజెక్టు నిండితే వెనక నీళ్లు బాసర దాకా ఎగదన్ని గంగ చెరువులా నిలుస్తుంది, వల నిటారుగా నిలబడుతుంది. మహారాష్ట్రలోని బాబ్లీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉండాలి. ఆ నాలుగు నెలలు వరద కాలం, గుంజలు కొట్టుకుపోయే కాలం. గేట్లు దించాక ప్రవాహం సద్దుమణుగుతుంది, రాత్రి వేట ఊపందుకుంటుంది. పెద్దబాపు నోట చవితి, పంచమి ఎంత తేలిగ్గా వస్తాయో ఈ గేట్ల తారీఖులూ అంతే తేలిగ్గా వస్తాయి. 112 టీఎంసీలకు కట్టిన ప్రాజెక్టు పూడికతో 80 టీఎంసీలకు దిగిందని మనం పేపర్లో చదువుతాం. ఆయన ఆ పూడికను తెడ్డుతో గుచ్చి చూస్తాడు. "మా బాపు కాలంల ఈడ తెడ్డు అందకపోయేది" అని ఒకచోట పడవ ఆపి చూపించాడు.

వల దించాక గాలాల తాడు వేశారు. పొడవాటి తాడుకు మూరకొక గాలం, ఒక్కోదానికి వేలెడంత బతికున్న చేప. ఇది వాలుగ కోసం. దాన్ని వలతో పట్టాలంటే వలను చింపుకుని పోతుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా పేరుపొందిన కొర్రమీనుకూ ఇదే పద్ధతి, కాకపోతే ఒడ్డున తుంగ మధ్య వేస్తారు. కొర్రమీను నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. ఆ 'బుళుక్' చప్పుడు విని ఎంత పెద్ద చేపో చెప్పగలవాళ్లున్నారు.

తొమ్మిది దాటాక వల తీశారు. ముందు తాడు మీద రెండు వేళ్లు ఆనించి కాసేపు ఊరుకున్నాడు పెద్దబాపు. సన్నగా వణికితే జెల్ల, ఆగి ఆగి గుంజితే రవ్వ అని చెప్పాడు. నా వేళ్లు కూడా పెట్టించాడు. నాకు చల్లటి తాడు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన రవ్వ అన్నాడు, రవ్వే వచ్చింది. తర్వాత జెల్ల. దాని రెక్క ముల్లు రంపంలా ఉంటుంది, గుచ్చుకుంటే రాత్రంతా సలుపు. దాన్ని తల వెనక నుంచి, ముల్లు రెండు వేళ్ల మధ్యకు వచ్చేలా పట్టి విడిపించాడు. నేను టార్చి వేయబోతే వద్దన్నాడు.

వల కొసన ఒక రొయ్య పడింది, నీలి కాళ్లది, జానెడు. ఈ ప్రాణి కథ నన్ను కదిలించింది. ఇది పెరిగేది మంచినీళ్లలో, పుట్టేది మాత్రం ఉప్పు కలిసిన నీళ్లలో. ఉప్పు తగలనిదే దాని పిల్ల బతకదు. తల్లి రొయ్య సముద్రం అంచు దాకా దిగి గుడ్లు పొదిగితే, పిల్లలు మళ్లీ నదిలోకి ఎక్కిరావాలి. 1465 కిలోమీటర్ల గోదావరి మీద ఇన్ని ఆనకట్టలు దాటి బాసర దాకా ఏ రొయ్య వస్తుంది? సముద్రం నుంచి ఎదురీదే పులసనే 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట ఆపేసింది. కాబట్టి ఉప్పునీటి హేచరీల్లో పుట్టిన పిల్లలను తెచ్చి జలాశయాల్లో వదులుతున్నారు. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకానికి తర్వాత రొయ్య కూడా తోడైంది. ఆ రాత్రి పడవలో ఉన్న వాళ్లలో సముద్రాన్ని చూసింది ఆ రొయ్య జాతి ఒక్కటే.

ఈ విద్యను చంపుతున్నవాటి మీద నాకు కోపం ఉంది. దోమతెర లాంటి సన్నకన్ను వలతో గుప్పెడు గుప్పెడు పిల్లచేపలను ఊడ్చేవాళ్లు ఉన్నారు. తోటాలు పేల్చి, కరెంటు పెట్టి పట్టేవాళ్లున్నారు. నీళ్లలో పేలుడునూ విషాన్నీ 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. వందేళ్లు దాటినా ఆ చప్పుడు ఆగలేదు. తంగూసు వలకూ ఒక పాపం ఉంది. వెనకటి నూలు వల తప్పిపోతే కుళ్లి నీళ్లలో కలిసేది. తంగూసు వల మునిగిన మోడులో చిక్కుకుంటే ఏళ్ల తరబడి అక్కడే ఉండి, తీసేవాడు లేకుండా చేపలను పడుతూనే ఉంటుంది. అందుకే పెద్దబాపు వల పోతే మరునాడు గాలపు కొక్కెం వేసి పడవతో వెతుకుతాడు. దొరికేదాకా కొత్త వల దించడు.

తెల్లారి ఒడ్డున చేపలు తూకానికి పోయాయి. పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనిషికి ఒక వాటా. ఘాటు వైపు నుంచి సుప్రభాతం వినిపిస్తోంది. రాత్రి మోడుకు తగిలి చిరిగిన చోట పెద్దబాపు మనుమడు కూర్చుని కన్నులు అల్లుతున్నాడు. బడికి టైమవుతోందని నాలుగు ముళ్లు గబగబా వేశాడు. తాత వచ్చి కొత్త కన్నులో తన నాలుగు వేళ్లూ కలిపి దూర్చబోయాడు. మూడే పట్టాయి.

"ఇప్పి మళ్ల కట్టు" అన్నాడు.

పిల్లవాడు పలక సంచి పక్కన పెట్టి, పళ్లతో ముడి పట్టుకుని విప్పడం మొదలుపెట్టాడు.