రోళ్లు పగిలే రోజుల్లో వడ్రంగం

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఈ వారం ఒక నోటీసు వెలిసింది. వడ్రంగం, టైల్స్ కోత, గోడలకు డ్రిల్లింగ్ లాంటి చప్పుడు పనులు ఏవైనా సరే ఉదయం 10 నుంచి సాయంత్రం 5 లోపే ముగించుకోవాలట. ఆదివారమైతే అసలే కుదరదట. కింద సంతకం, దాని మీద రబ్బరు స్టాంపు. బయట చూస్తే 43 డిగ్రీలు. బెజవాడలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు రాసే నోటీసేనా ఇది? వడదెబ్బ తగిలే గంటలన్నీ ఏరి ఏరి, ఇవిగో ఇవే పనివేళలు అని చేతిలో పెట్టినట్టుంది. మీటింగులో నాలుగూ దులిపేద్దామని అక్కడే నిర్ణయించుకున్నాను.

ఈ కాలమ్ పాతకాపులకు నా రోగాలన్నీ తెలుసు. ప్లైవుడ్‌తో నా పగ, మైకా అతికించిన ప్రతిదాన్నీ చూసి నేను పెట్టే మొహం, చేతి చిత్రిక మానేసి మిషను పట్టేవాళ్ల మీద నా సణుగుడు, అన్నీ ఇక్కడే అచ్చయ్యాయి. వాటితోపాటే ఏటా ఉగాది వెళ్లగానే వల్లించే మాట ఇంకొకటుంది: ఎండాకాలంలో ఉలి ముట్టకూడదు. కార్తీకంలో మా బాల్కనీలో బల్ల వేస్తాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దాని వెనకే నా పనిముట్లూ పెట్టెలోకి పోతాయి. చెమట చుక్క చిత్రిక ఇనుము మీద పడితే తెల్లారేసరికి తుప్పు మచ్చ. ఫ్యాను వేస్తే రంపపు పొట్టు కళ్లలో, ఆపితే ఒంటినిండా. ఈ వాదనకు తిరుగులేదనే అనుకుంటూ వచ్చాను.

ఆ వాదన మా ఆవిడ దగ్గర చెల్లలేదు.

"ఉలి ముట్టకండి, ఎవరొద్దన్నారు? కత్తిపీట మాత్రం చూడండి. ఆదివారం కాయలొస్తున్నాయి," అంది.

ఆవకాయ కత్తిపీట సంగతి తెలియనివాళ్లు ఈ జిల్లాల్లో ఉండరనుకుంటాను. ఇంత మందాన పీట, ఒక కొసన చీలతో బిగించిన బరువైన కత్తి, రెండో కొసన పిడి. కాయను నిలబెట్టి, పిడి ఎత్తి ఒక్క దెబ్బ వేస్తే టెంకతో సహా రెండు చెక్కలవ్వాలి. మాది చింతకర్ర పీట, మా అత్తగారినాటిది. మాంసం దుకాణాల్లో మొద్దుకు చింతనే ఎందుకు వెతుక్కుంటారో దాన్ని చూస్తే తెలుస్తుంది. అన్నేళ్ల దెబ్బలకు పీట మధ్యలో గుంట పడింది గానీ చీలిక రాలేదు. దాని రోగం వేరు. ఏటా సరిగ్గా మామిడికాయల వేళకే కత్తి పక్కలకు ఊగుతుంది. దెబ్బ టెంక మీద పడకుండా జారుతుంది, వేళ్లకు ప్రమాదం. అదే కత్తిని జులైలో తీసి చూడండి, ఎవరూ ముట్టుకోకుండానే బిగిసిపోయి ఉంటుంది. అప్పటికి కాయలుండవు.

ఇందులో మాయేమీ లేదు. చెక్క పొడుగులో పెరగదు, తరగదు, ఉంటే వెంట్రుకవాసి. అడ్డంలో మాత్రం గాలిలో తేమనుబట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అడుగు వెడల్పు టేకు పలకను మేలో కొలిచి, ఆగస్టు ముసురులో మళ్లీ కొలిస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా కనిపించొచ్చు. అదీ టేకు కాబట్టి. మిగతా కర్రలు చాలావరకు ఇంతకంటే ఎక్కువే ఆడతాయి. పాత ఇళ్ల తలుపుల్లో నడిమి పలకను జిగురు లేకుండా గాడిలో వదులుగా వదిలేది అందుకే. దాన్ని నాలుగు వైపులా అతికించేస్తే ఉబ్బేటప్పుడు చట్రాన్ని తన్నేస్తుంది, ఎండేటప్పుడు తనే నిలువునా పగులుతుంది.

ఈ ఊగే కత్తి పట్టుకుని కూర్చుంటే మనసు ఎటో పోయింది. ఎటో ఏమిటి, పల్నాడు పోయింది.

మా అమ్మమ్మగారి ఊరు రెంటచింతలకు దగ్గర. రేడియోలో వాతావరణ వార్తలు వినే తరానికి ఆ పేరు చాలు, వేసవి వచ్చిందంటే రెంటచింతల ఉష్ణోగ్రత చెప్పకుండా వార్తలు ముగిసేవి కావు. సెలవులకు మమ్మల్ని అక్కడికే తోలేవాళ్లు. వేసవిలో ఆ ఇంట్లో పనులకు అంతుండేది కాదు. చింతపండు పిక్క తీయడం, మిరపకాయలు తొడిమలు తుంచడం, మిద్దె మీద వడియాలకు కాపలా, నల్లులు పోయేందుకు మంచాలు ఎండలో నిలబెట్టి కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోయడం. వీటిలో ఏది తప్పించుకున్నా నేను తేలేది ఒక్క చోటే, ఊరి చివర వేపచెట్టు కింద ఆచారి తాత కొట్టం దగ్గర.

రోహిణి కార్తె అంటే మే 25 నుంచి ఇంచుమించు జూన్ 7 దాకా. రోళ్లు పగిలే ఆ రోజుల్లో ఊరంతా పంచల్లో పడి విసనకర్రలు ఊపుకుంటుంటే, తాతకు మాత్రం తల గోక్కునే తీరిక ఉండేది కాదు. చేలల్లో పనిలేని రోజులు అవే కదా. జ్యేష్ఠ పున్నమికి ఏరువాక. ఆలోపు ఊళ్లో ప్రతి నాగలీ, గొర్రూ, గుంటకా, బండీ ఆయన చేతి మీదుగా పోవాలి. కూలి రొక్కంగా ఇచ్చేవాళ్లు కాదు. పంట నూర్చాక కళ్లంలో కొలిచే మేరే ఆయన జీతం. అందుకే ఎవరి నాగలి ముందు అన్న తగాదా కొట్టం ముందే తేలేది, ఒక్కోసారి అరుపులతో.

బండి చక్రానికి పట్టా వేసే రోజు మాత్రం పిల్లలం నిద్రపోయేవాళ్లం కాదు. చుక్కలుండగానే కమ్మరాయన వచ్చేవాడు. అయిదడుగుల చక్రం, నడుమ కుండ, దానిలోంచి 12 ఆకులు, వాటి కొసలను కలుపుతూ చుట్టూ వంపు తిరిగిన పూటీలు. చక్రాన్ని చదును బండ మీద పడుకోబెట్టేవాళ్లు. పక్కన నేల మీద ఇనుప పట్టా, దాని చుట్టూ పిడకలు పేర్చి మంట. పట్టా చుట్టుకొలత చక్రం కంటే కాస్త తక్కువే ఉండాలి, కావాలనే అలా చేసేవాళ్లు. కాల్చకముందు ఎక్కించాలంటే ఎక్కదు. 16 అడుగుల పట్టా ఎర్రబడేసరికి అంగుళం పైచిలుకు సాగుతుంది. ఆ సాగిన కాసేపట్లోనే పని కావాలి. నలుగురు నాలుగు పటకార్లతో పట్టాను ఎత్తి చక్రం మీద దించేవాళ్లు. ఆనుకోగానే కర్ర గుప్పుమని అంటుకునేది. "నీళ్లు!" అని తాత కేక. కడవలతో మేం సిద్ధం. సుయ్‌మని ఆవిరి లేచి ఎవరి మొహం ఎవరికీ కనిపించేది కాదు. ఆ ఆవిరిలోంచి కిర్రు కిర్రుమని చప్పుడు వచ్చేది. చల్లారుతున్న ఇనుము కుంచించుకుపోతూ పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుండలోకి నొక్కేస్తున్న చప్పుడది. ఒక్క మేకు లేదు, జిగురు లేదు.

ఈ పని వానాకాలంలో చల్లగా చేసుకోవచ్చు కదా అని మా మావయ్య ఒకసారి అడిగాడు. తాత బాడిస ఆపకుండానే జవాబిచ్చాడు. "ఇప్పుడు బిగిస్తే వానల్లో ఇంకా బిగుసుద్ది అబ్బాయ్. వానల్లో బిగించావనుకో, మళ్లా ఎండాకాలానికి పట్టా ఊడి నీకంటే ముందు ఊరికెళ్లుద్ది."

అంతే సంగతి. ఎండకు కర్ర ఎంత కుంచించుకోవాలో అంతా కుంచించుకుంటుంది. ఆ కొలతకు పట్టా వేస్తే ఇక వదులయ్యే ప్రశ్న లేదు. వేళగాని వేళ బిగించిన బండ్లవాళ్లు మేలో ఏం చేసేవాళ్లో కూడా చూశాను. చక్రాలు గలగలలాడుతుంటే బండిని తోలుకెళ్లి వాగులో దించి, రాత్రంతా నీళ్లలో నాననిచ్చేవాళ్లు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు బిగిసిన చక్రాలతో బండి బయటికొచ్చేది. రెండు రోజుల ముచ్చట, మళ్లీ గలగల.

ఏటా రాసే నా మాటకు అందుకని ఈసారి ఒక తోక తగిలిస్తున్నాను. ఎండాకాలంలో కొత్త సొరుగు చేయొద్దు, తలుపు చిత్రిక పట్టొద్దు. మేలో ఇంతందంగా జారిన సొరుగు శ్రావణంలో తెరవడానికి ఇద్దరు మనుషులు కావాలి. పట్టేసేవాటిని ఉబ్బి ఉన్నప్పుడే, వానల్లోనే సరిచేయాలి. కానీ ఊగేవాటికి మాత్రం ఇదే ముహూర్తం. కుర్చీ కాలు, స్టూలు అడ్డకర్ర, మంచం పట్టె, చివరికి కత్తిపీట కూడా. గుంటలో దూరిన కొస బాగా ఎండి సన్నబడి ఉంటుంది. ఊడదీయండి. పాత జిగురు పొక్కులు చాకుతో గీకేయండి, వాటి మీద కొత్త జిగురు నిలవదు. ఆ తెల్ల జిగురు ఈ వేడికి చూస్తుండగానే పైన పొర కడుతుంది కాబట్టి తెల్లవారుజామునే పూసి, దూర్చి, చుట్టూ తాడు కట్టి పుల్లతో మెలిపెట్టండి. మర్నాటిదాకా ముట్టుకోకండి. జులైలో ఆ కొస గుంటలో ఉబ్బి, జిగురుకు తోడు తనూ పట్టేసుకుంటుంది.

లక్క పాలిష్‌కూ ఇవే రోజులు. లక్క పొరలను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో అద్దే పాత పద్ధతి నాకు ప్రాణం. అదే ముసురులో వేస్తే తేమ పట్టి పైన తెల్లటి మబ్బు కమ్ముతుంది. మిట్టమధ్యాహ్నమైతే గుడ్డ అటు తిరిగేలోపే స్పిరిట్ ఎగిరిపోయి చారలు పడతాయి. దీనికీ తెల్లవారుజామే. నవారు మంచం సంగతి సరేసరి. ఉతికి ఆరేసిన నవారును ఇద్దరు చెరో వైపూ కూర్చుని లాగి బిగించాలి, మాటల్లో పడితే వదులైపోతుంది.

ఇక్కడే నా కోపానికి చిక్కొచ్చి పడింది. పైన చెప్పిన పనుల్లో చప్పుడు చేసేది ఒక్కటీ లేదు. జిగురుకు నోరు లేదు, నవారుకు లేదు, లక్కకు అసలే లేదు. అయిదింటికి లేచి ఏడింటికల్లా ముగించుకుంటే ఏ నోటీసుకూ దొరకను. మా కింది అంతస్తులో ఒక నర్సమ్మాయి ఉంది. రాత్రి డ్యూటీ చేసి ఏడున్నరకు వచ్చి పడుకుంటుంది. ఆమె పడుకోగానే నేను సుత్తి ఎత్తితే ఆమెకు ఏ రాత్రి మిగులుతుంది? నాలుగూ దులిపేద్దామనుకున్న నేను, నోటీసులో నా మట్టుకు వర్తించే భాగానికి చేయెత్తేయబోతున్నాను.

వర్తించని భాగం మాత్రం ఒప్పుకోను. సెలవులని, పెళ్లిళ్లని ఈ రెండు నెలల్లోనే అందరూ కప్‌బోర్డులు చేయించుకుంటారు. ఆ పనికి వచ్చే కుర్రాళ్లు మా బ్లాకులోనే ఇప్పుడు ముగ్గురున్నారు. కరెంటు ఇంకా ఇవ్వని పై ఫ్లాటులో, పక్కింటి వైరు లాక్కుని, కిటికీలు మూసుకుని, పదింటి నుంచి ఐదింటి దాకా ప్లైవుడ్ కోస్తున్నారు. (ప్లైవుడ్ మీద నా అభిప్రాయం వేరే విషయం. కోసేవాడి ప్రాణం మీద నాకు రెండో అభిప్రాయం లేదు.) 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి పోయింది తక్కువమంది కాదు, దాదాపు రెండు వేలు. అందులో ఎక్కువ భాగం ఎండలో పనికి పోక తప్పనివాళ్లూ, ముసలివాళ్లూను. రోహిణి కార్తెలో అంత పని ఉన్న ఆచారి తాత కూడా ఎండ చురుక్కుమనగానే బాడిస పక్కన పెట్టి, పొద్దు వాలాకే మళ్లీ పట్టేవాడు. ఆయన్ని ఆపేందుకు ఏ కమిటీ అక్కర్లేదు, మొదలుపెట్టమని తరిమేవాళ్లూ లేరు. మా కుర్రాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. వాళ్ల కోసం ఎనిమిది నుంచి పదకొండు, మళ్లీ నాలుగు నుంచి ఏడు అని వేళలు అడగబోతున్నాను. నర్సమ్మాయిని ముందే అడిగాను. రెండు నెలలకు చెవుల్లో దూది పెట్టుకుంటానంకుల్, మూసిన గదిలో వాళ్లకు మాత్రం మంచినీళ్లెవరిస్తున్నారు అంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడు మా ఇంటి కుండ ఒకటి పై ఫ్లాటులో ఉంది, మజ్జిగ మా ఆవిడ వంతు.

జాగా ఇంకా కాస్త మిగిలింది కాబట్టి ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి జవాబు. ఎండాకాలంలో చెక్క కుంచించుకుంటుందని మీరు రాస్తారు, మా పడకగది బీరువా తలుపు మాత్రం మేలోనే పట్టేస్తోంది, పైన చిత్రిక పట్టించమంటారా అని అడిగారు. పట్టించకండమ్మా. అదే ఉత్తరంలో రెండు వాక్యాల కింద, గదిలో కొత్తగా కూలర్ పెట్టామని మీరే రాశారు. నీళ్లతో తడిసిన గడ్డిలోంచి వచ్చే గాలి అది. కిటికీలు మూసిన గదిలో దాన్ని రాత్రంతా తిప్పితే ఆ బీరువాకు జులై ముందే వచ్చేసింది. కూలర్‌ను కిటికీ అవతల పెట్టించి, గాలి బయటికి పోవడానికి ఎదురు కిటికీ తెరిచి ఉంచండి. పది రోజులు చూడండి. అప్పటికీ పట్టేస్తే పై బందు స్క్రూలు వదులై తలుపు కిందికి వాలిందేమో చూసుకోండి. దానికి స్క్రూడ్రైవర్ చాలు, వడ్రంగి అక్కర్లేదు.