సాగుకు కార్తె, వేటకు తిథి

మొవ్వలో వరి రైతును నారుమడి ఎప్పుడు పోస్తారని అడిగితే మృగశిర అనో, ఆరుద్ర అనో అంటాడు. జ్యేష్ఠంలో అనడు. బందరు దాటి గిలకలదిండి వెళ్ళి బోటు ఎప్పుడు కదులుతుందని అడిగితే కార్తె ఊసే రాదు. ఇవాళ తిథేంటి, పోటు ఎన్నింటికి అన్నదే మాట. ఇద్దరికీ పంచాంగం ఒకటే. ఉగాదినాడు గుళ్ళో పంచాంగ శ్రవణమంటే ఆదాయ వ్యయాలు విని లేచి వచ్చేస్తాం గానీ, దాని అసలు పనితనం ఈ రెండు లెక్కలను కలిపి నడపడంలో ఉంది.

కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడి చుట్టూ తిరిగేది భూమే అయినా, మన కంటికి సూర్యుడే చుక్కల మీదుగా సాగిపోతున్నట్టుంటుంది. ఆ దారిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదాన్ని దాటడానికి పదమూడు, పద్నాలుగు రోజులు పడుతుంది. చంద్రుడితో పని లేదు కాబట్టి కార్తెలు ఇంగ్లీషు తేదీలను అంటిపెట్టుకునే ఉంటాయి. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. నైరుతి వానలు అందుకునే రోజులవి. కోతకు ముందే తడి ఆరని వరిచేలో మినుము చల్లేది అనూరాధ, జ్యేష్ఠ కార్తెల్లో, అంటే నవంబరు చివర, డిసెంబరు మొదట్లో. నిజం చెప్పాలంటే డెల్టాలో ఇప్పుడు నారుమడికి అసలు ముహూర్తం కాలువకు నీళ్ళు వదిలే రోజే.

ఈ లెక్కలోనూ కాస్త జారుడుంది. భూమి ఇరుసు సుమారు 26 వేల ఏళ్ళకో చుట్టు చుడుతుంది. అందువల్ల చుక్కలతో కొలిచే ఏడాది ఋతువుల ఏడాది కంటే 20 నిమిషాలు పెద్దది, 72 ఏళ్ళకు ఒక రోజు తేడా. ఆ తేడా పేరుకునే, సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయితే, మనం సంక్రాంతి ముగ్గులు వేసేది జనవరి 14, 15లకు.

తిథి సంగతి వేరు. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. చంద్రుడి దారి పూర్తి గుండ్రం కాదు, నడక ఒక్క తీరున ఉండదు. అందుకే తిథి ఒకసారి 20 గంటల్లో అయిపోతుంది, ఒకసారి 27 గంటల దాకా సాగుతుంది. అలా జరిగిన చంద్రుడి ఎదుటికి మళ్ళీ రావాలంటే భూమి తన చుట్టూ తాను మరో 12 డిగ్రీలు తిరగాలి. అందుకు పట్టేది 48 నిమిషాలు, పాత కొలతలో సరిగ్గా రెండు ఘడియలు. రోజు మారితే పోటు కూడా రమారమి అంతే వెనక్కి జరుగుతుంది: ఇవాళ ఆరింటికి వస్తే రేపు ఏడుకు పది నిమిషాల ముందు. నీరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేసినప్పుడు బోటు దాటేది ఆ పోటు మీదే. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు కలిసి నీటిని లాగుతారు గనక పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. అష్టమికి రెండూ మందగిస్తాయి.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన దీపావళి అమావాస్య వెళ్ళిన రెండు రోజులకు వచ్చింది. సముద్రం ఎలాగూ పోటెత్తి ఉండే రోజులవి. ముప్పై వేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మాత్రం కార్తీక శుద్ధ అష్టమి దాటాక, పోటు బలం తగ్గి ఉండే రోజుల్లోనే పదివేల మందికి పైగా తీసుకుపోయింది. చంద్రుడు లేపే నీటి గురించి తిథి చెబుతుంది. తుపాను గాలి తోసుకొచ్చే నీటి గురించి చెప్పలేదు.

ఇక రెండు లెక్కలూ కలిసేచోటు అధిక మాసం. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. ఏడాదికి పదకొండు రోజులు తరుగు. ఉగాది 2024లో ఏప్రిల్ 9, తర్వాత మార్చి 30, ఆ తర్వాత మార్చి 19. ఇలాగే వదిలేస్తే ఉగాది చలికాలంలోకి పోతుంది. అందుకని రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే ఆ నెలను అధికమంటారు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ నెలంతా పెళ్ళి ముహూర్తాలుండవు. మృగశిర కార్తె మాత్రం ఎప్పటిలాగే ఆ మధ్యలోనే, జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. 2027 ఉగాది మళ్ళీ ఏప్రిల్ 7.